కాలేజీ సలహా గదిలో పిల్లలు చెప్పిన మాట బయటికి పోకుండా రిజిస్టర్ ఎట్లా పెట్టాలి?

కామర్స్ మేడం, నల్లగొండ:

అందరికీ నమస్కారం. నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో వచ్చే నెల విద్యార్థి సలహా కేంద్రం తెరుస్తున్నాం. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఇద్దరు లెక్చరర్లం వంతులవారీగా కూర్చుంటాం. ఫైనలియర్ పిల్లలు నలుగురు సాయం చేస్తారు. మాలో ఎవరూ సైకాలజీ చదివినవాళ్లు కాదు. స్కాలర్‌షిప్ ఆగిపోవడం, బ్యాక్‌లాగులు, హాస్టల్ గొడవలు, ఇంట్లో పెళ్లి ఒత్తిడి, ప్రేమలు, వేధింపులు, ఇవన్నీ వస్తాయని అనుకుంటున్నాం.

ప్రిన్సిపల్ గారు మంచి మనసుతోనే ఒక రిజిస్టర్ గీయించారు. తేదీ, పేరు, హాల్‌టికెట్ నంబరు, ఊరు, ఫోన్, సమస్య, ఇచ్చిన సలహా, చివర్న విద్యార్థి సంతకం. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ బృందం వస్తే చూపించాలంటున్నారు. నెలకు రెండు జియోట్యాగ్ ఫోటోలు (ఎక్కడ తీశారో అందులోనే నమోదయ్యేవి) కూడా కావాలట. బల్ల మీద ఆ రిజిస్టర్ తెరిచి ఉంటే, నాలుగో వరుసలో సంతకం పెట్టే అమ్మాయి పైనున్న మూడు వరుసలూ చదువుతుంది. దీనికి బదులు ఏం పెట్టాలి?

ఇంకో మూడు సందేహాలు. తండ్రి ఫోన్ చేసి "మా బిడ్డ మీ దగ్గరికొచ్చిందా" అంటే ఏం చెప్పాలి? ఫస్టియర్‌లో పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటారు, వాళ్ల సంగతేంటి? "ఎవ్వరికీ చెప్పం" అని బోర్డు మీద రాయొచ్చా?

---

పాలమూరు కౌన్సెలర్:

మేడం, మీ భయం నిజమే. ఆ రిజిస్టర్‌ను మూడు ముక్కలు చేసి మూడు చోట్ల పెట్టండి.

మొదటిది రోజువారీ లెక్క. తేదీ, ఎన్ని నిమిషాలు, ఏ రకం సమస్య, అంతే. పేరు, ఊరు, గ్రూపు, సంతకం ఏవీ ఉండవు. ప్రిన్సిపల్ గారైనా న్యాక్ వాళ్లైనా చూసేది ఇదొక్కటే. రెండోది నోట్సు. ఒక్కొక్కరికి ఒక విడి ఫైలు, పైన కోడ్ మాత్రమే. అందరివీ ఒకే లాంగ్ నోటుబుక్కులో రాస్తే, ఎప్పుడైనా ఒకరి పేజీ ఎవరికైనా చూపించాల్సి వస్తే వెనకా ముందూ ఉన్నవాళ్లవి కూడా చూపించినట్టే. మూడోది పేర్ల చిట్టా, అంటే ఏ కోడ్ ఎవరిది, ఏ నంబరుకు ఫోన్ చేయొచ్చు అన్నది. ఇది నోట్సున్న బీరువాలో ఉండకూడదు. నోట్సు బీరువా తాళంచెవి ఒకరి దగ్గర, చిట్టా ఉన్న డ్రాయరు తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. మారు తాళంచెవులు సీలు వేసిన కవర్లో పెట్టి, కవరు అతుకు మీద ఇద్దరూ సంతకాలు చేసి ప్రిన్సిపల్ గారి దగ్గర ఉంచండి. ఎవరైనా తెరిస్తే తెలిసిపోతుంది.

కోడ్ విషయంలో ఎక్కువమంది చేసే తప్పు హాల్‌టికెట్ చివరి మూడంకెలు వాడటం. ఆ అంకెలు పేరు పక్కనే నోటీసు బోర్డు మీద అంటించి ఉంటాయి. పేరులోని మొదటి అక్షరం కూడా వద్దు. వరుసగా 1, 2, 3 అని ఇచ్చినా ఎవరు ఎప్పుడొచ్చారో లెక్క కట్టేయొచ్చు. 101 నుంచి 400 దాకా అంకెలు చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేయండి, వచ్చినవాళ్లకు చేతికందిన చీటీ తీసివ్వండి. అదే కోడ్.

ఇక నోట్సు. పేరు లేనంత మాత్రాన మనిషి దాగదు. ఇది చూడండి: "బీఎస్సీ రెండో సంవత్సరం, దేవరకొండ అవతల తండా నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. లవ్ ఎఫైర్. డిప్రెషన్. తండ్రి బొంబాయిలో మేస్త్రీ." పేరు ఎక్కడా లేదు, కానీ ఆ క్లాసులో ఎవరు చదివినా పది సెకన్లలో చెప్పేస్తారు. పైగా డిప్రెషన్ అని తేల్చడానికి మనం డాక్టర్లం కాదు.

అదే సంగతి ఇలా రాయొచ్చు: "కోడ్ 217. 40 నిమిషాలు. వయసు 18 నిండింది, తేదీ అడిగాను. ఇంట్లో ఒక నిర్ణయం విషయంలో ఒత్తిడి ఉందని, నిద్ర పట్టడం లేదని చెప్పారు. చనిపోవాలనే ఆలోచన ఉందా అని నేరుగా అడిగాను, లేదన్నారు. పరీక్ష ఫీజు గడువు, 14416 మానసిక సహాయ హెల్ప్‌లైన్ నంబరు చెప్పాను. వచ్చే మంగళవారం మళ్లీ వస్తానన్నారు." విద్యార్థి చెప్పింది, నేను అడిగింది, నేను చేసింది. ఈ మూడే రాయాలి. మన అభిప్రాయం రాయొద్దు. వాళ్లు చెప్పిన మూడో మనిషి పేరు, కులం, ఊరు రాయొద్దు, అవసరమైతే "ఒక స్నేహితుడు" చాలు. రేపు ఆ ఫైలు ఆ విద్యార్థే అడిగి చదివినా మనం తలదించుకోనక్కర్లేని విధంగా ఉండాలి.

న్యాక్‌కు కావాల్సింది కేంద్రం నడుస్తోందన్న రుజువు. ఎవరు ఏడ్చారన్నది వాళ్లకు అక్కర్లేదు. నియామక ఉత్తర్వు, టైంటేబుల్, రాతపూర్వక గోప్యతా విధానం, నెలవారీ లెక్క, అవగాహన సమావేశాల వివరాలు ఫైలులో పెట్టండి. ఫోటో కావాలంటే బోర్డుతో సహా ఖాళీ గదిని జియోట్యాగ్‌తో తీయండి, లేదా పరీక్షల ఒత్తిడి మీద వంద మంది కూర్చున్న హాలు తీయండి. సలహా తీసుకుంటున్న విద్యార్థిని మాత్రం తీయొద్దు, వెనక నుంచైనా, మొహం మసకచేసైనా. జడ, బ్యాగు, చున్నీ చూసి క్లాసంతా గుర్తుపడుతుంది.

నెలవారీ లెక్కలో కూడా ఒక చిక్కుంది. ఉదాహరణకు మొత్తం 23 మంది: స్కాలర్‌షిప్ 12, చదువు 8, వేధింపులు 3 అని రాశారనుకోండి. ఆ మూడు ఎవరివో స్టాఫ్‌రూంలో వెతుకులాట మొదలవుతుంది. మూడు అనకుండా "5 కన్నా తక్కువ" అని రాసినా ప్రయోజనం లేదు, మొత్తంలోంచి 12, 8 తీసేస్తే మూడు బయటపడుతుంది. అందుకే ఐదు లోపు వచ్చిన రకాలన్నీ కలిపి "వ్యక్తిగత విషయాలు" అనే ఒకే గడిలో వేయండి. అప్పటికీ ఐదు దాటకపోతే నెలకు కాకుండా ఆరు నెలలకు ఒకసారి ఇవ్వండి. మండలాలవారీగా, కులాలవారీగా, గ్రూపులవారీగా విడగొట్టమంటే ఒప్పుకోవద్దు. అమ్రాబాద్ వైపు నుంచి వచ్చే చెంచు విద్యార్థి కాలేజీ మొత్తంలో ఒక్కరే ఉండొచ్చు. అక్కడ అంకె రాయడమంటే పేరు రాయడమే.

---

డిగ్రీ_ఎకనామిక్స్:

ఇంత తతంగం ఎందుకు? అసలు పేర్లే రాయకపోతే పోయేదేముంది? రాయనిది ఎవరూ లాక్కోలేరు కదా.

---

పాలమూరు కౌన్సెలర్:

స్కాలర్‌షిప్ కరెక్షన్లకు, ఫీజు గడువులకు మీరన్నట్టే చేయొచ్చు, పేరక్కర్లేదు. కానీ సోమవారం వచ్చి "బతకాలని లేదు" అన్న పిల్ల బుధవారం రాకపోతే? ఎవరిని వెతుకుతారు, ఏ నంబరుకు చేస్తారు? లెక్చరర్ మారితే రెండో మనిషికి ఏమీ తెలియదు. మళ్లీ మొదటి నుంచి చెప్పమంటే చాలామంది చెప్పరు. అందుకే చిట్టా ఉండాలి, కానీ మళ్లీ కలవాల్సినవాళ్లదే ఉండాలి.

ఎన్నాళ్లుంచాలో కూడా మొదటి రోజే రాసిపెట్టుకోండి. కోర్సు అయిపోయిన ఏడాదికి చిట్టాలో ఆ పేరు తీసేయడం ఒక మంచి పద్ధతి. ఫిర్యాదో కేసో నడుస్తున్నవి మాత్రం అది తేలేదాకా ముట్టుకోవద్దు. పారేసేటప్పుడు కాగితాలను ఆఫీసు పాత పేపర్ల కట్టలో కలపొద్దు. ఆ కట్ట తూకానికి పోతుంది, అక్కడి నుంచి మిర్చిబజ్జీల పొట్లమవుతుంది. ష్రెడ్డర్ ఉంటే అందులో వేయండి, లేకపోతే ఇద్దరు నిలబడి కాల్చి, కాల్చిన తేదీ, ఎన్ని ఫైళ్లు అన్నది రాసి సంతకాలు చేయండి.

---

మిర్యాలగూడ వకీలు:

మేడం, బోర్డు సంగతి నేను చెప్తాను. "ఎవ్వరికీ చెప్పం" అని రాయకండి. అది మీరు నిలబెట్టుకోలేని మాట.

వకీలుకు కక్షిదారు చెప్పిన మాటకు సాక్ష్య చట్టంలో రక్షణ ఉంది. సలహా ఇచ్చే లెక్చరర్‌కు అలాంటి రక్షణ లేదు. కోర్టు పిలిస్తే వెళ్లి చెప్పాలి, కాగితం అడిగితే ఇవ్వాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యత గురించి చెప్తుంది, కానీ ఆ బాధ్యత ప్రధానంగా చికిత్స చేసే ఆరోగ్య నిపుణులది. అయినా ఆ సెక్షన్‌లోని పద్ధతి మీకు పనికొస్తుంది. ప్రాణానికి ముప్పున్నప్పుడో, ఇంకొకరికి హాని జరగకుండా ఆపాల్సినప్పుడో చెప్పొచ్చు, అదీ ఆ హానిని ఆపడానికి ఎంత అవసరమో అంతే.

పద్దెనిమిది నిండనివాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్థానిక పోలీసులకో ప్రత్యేక బాల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ పెద్దగా ఉన్నవారు తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా జైలు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద మాత్రం ఏ కేసూ నిలవదు, చట్టంలోనే రాసుంది. మనవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఇది: పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడే సంబంధంలో ఉన్నానని చెప్పినా, శారీరక సంబంధం ఉంటే చట్టం దృష్టిలో అది నేరమే, ఆ ఇష్టానికి విలువ లేదు. కాబట్టి వయసు ముందే అడగాలి. అన్నీ విన్నాక అడిగితే ఆ పిల్లకు అది వెన్నుపోటులాగే ఉంటుంది. పదో తరగతి మెమోలో ఉన్న పుట్టినతేదీనే లెక్కలోకి తీసుకోండి.

మొదటి రెండు నిమిషాల్లో ఈ మాటలు చెప్పండి, గోడ మీద కూడా ఇవే రాయండి:

"మీరు చెప్పింది మీకు తెలియకుండా బయటికి పోదు. మూడు సందర్భాల్లో మాత్రం నేను ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉన్నప్పుడు, పద్దెనిమిది నిండనివాళ్ల మీద చట్టం దృష్టిలో లైంగిక నేరం జరిగినప్పుడు లేదా జరగబోతోందని అనుమానం వచ్చినప్పుడు, కోర్టో చట్టమో రాతపూర్వకంగా అడిగినప్పుడు. అప్పుడు కూడా ఎవరికి, ఎంతవరకు చెప్తున్నానో ముందు మీకే చెప్తాను. ఇది విన్నాక ఎంత చెప్పాలో మీ ఇష్టం."

పోలీసుల విషయం. స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఆ అమ్మాయి మీ దగ్గర ఏం చెప్పింది" అంటే ఫోన్లో జవాబివ్వొద్దు. మర్యాదగా, "రాతపూర్వకంగా పంపండి సార్, సహకరిస్తాం" అనండి. కాగితాలు తెప్పించుకోవడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ ఉంది. నోటీసులో కేసు నంబరు ఏముంది, ఏ కాగితం అడిగారు అన్నది చూసి ఆ కాగితమే, సీలు కవర్లో, రశీదు తీసుకుని ఇవ్వండి. మొత్తం బీరువా అప్పగించకండి. నోటీసు వచ్చాక ఒక్క ముక్క కూడా చింపొద్దు, దిద్దొద్దు. అది వేరే నేరమవుతుంది.

ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు దరఖాస్తు కూడా రావచ్చు. "సలహా కేంద్రానికి వచ్చినవారి జాబితా ఇవ్వండి" అని అడిగితే, 2005 చట్టం 8(1) సెక్షన్‌లో నమ్మకంతో అప్పగించిన సమాచారానికి, వ్యక్తిగత సమాచారానికి మినహాయింపులున్నాయి. సమాచార అధికారి వాటిని చూపి పేర్లను తిరస్కరించి, సంఖ్యలు ఇవ్వొచ్చు. ముప్పై రోజుల గడువు దాటనివ్వకండి.

అమ్మాయి వేధింపుల గురించి చెప్పిందంటే అది మీకు చెప్పినట్టే. కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు మామూలుగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు వెళ్లాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. మీరు గోప్యంగా ఉంచుతున్నాం అనుకుంటూ ఆ గడువు గురించి చెప్పకుండా ఉంటే ఆమె హక్కే పోతుంది. గడువు చెప్పండి, నిర్ణయం ఆమెది. ఫిర్యాదు ఇచ్చాక 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆమె పేరు, అవతలివారి పేరు, సాక్షుల పేర్లు ఏవీ బయటపెట్టకూడదు. అత్యాచారం వంటి కేసుల్లో బాధితురాలిని గుర్తుపట్టే వివరం ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష. స్టాఫ్ వాట్సాప్ గ్రూపు మన ఇంటి ముచ్చటే అనుకోవద్దు.

ప్రిన్సిపల్ గారికి ఇంకో మాట కూడా చెప్పండి. 2025 జులైలో సుక్‌దేబ్ సాహా కేసులో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలంది. మీ ఇద్దరు లెక్చరర్ల కేంద్రం మంచిదే, కానీ దానికి బదులు కాదు.

---

కామర్స్ మేడం, నల్లగొండ:

వకీలు గారూ, ఆ మాటలు కాగితం మీద రాసుకున్నాను. ఒక సందేహం. చనిపోతానన్న పిల్ల గురించి ఇంట్లో చెప్పాలంటే కారణం కూడా చెప్పాల్సి వస్తుంది కదా? ఆ కారణం వేరే కులం అబ్బాయి అయితే?

---

మిర్యాలగూడ వకీలు:

కారణం చెప్పక్కర్లేదు. ప్రమాదం వేరు, కారణం వేరు. ఇంటివాళ్లకు ఈ రాత్రి తెలియాల్సింది ఇంతే: "పిల్ల చాలా బాధలో ఉంది, ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుల మందు, మాత్రలు తాళం వేయండి లేదా పక్కింట్లో పెట్టండి. రేపు పొద్దున ఆసుపత్రికి తీసుకుపోదాం." ఎందుకని అడిగితే, "అది తనే చెప్పాలి, ఇప్పుడు గుచ్చి అడగొద్దు" అనండి.

ఆ కారణం తెలిస్తే ఇంట్లోనే ప్రాణం మీదికొస్తుందని పిల్ల చెప్తే అది తేలిగ్గా తీసుకునే మాట కాదు. మన జిల్లాలో అది ఊహ కాదు. అప్పుడు ఎవరికి చెప్పాలో పిల్లనే అడగండి. మేనత్త, పెద్దక్క, మేనమామ, ఎవరో ఒకరు ఉంటారు. ఎవరూ లేరంటే 181 మహిళా హెల్ప్‌లైన్, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రం ఉన్నాయి. చనిపోయే ప్రయత్నం గురించి చెబితే పోలీసు కేసవుతుందన్న భయం పిల్లల్లో ఇంకా ఉంది. అలా ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెప్తుంది. ఈ మాట వాళ్లకు చెప్పండి.

---

అచ్చంపేట వార్డెన్:

మేడం, కాగితాల సంగతి పెద్దలు చెప్పిన్రు. నేను గది గురించి, ఫోన్ల గురించి చెప్త. మాట బయటపడేది ఎక్కువగా ఆడనే.

గది మీద "కౌన్సెలింగ్ సెంటర్" అని పెద్ద బోర్డు పెట్టి ముంగట బెంచీ వేస్తే ఎవ్వరు రారు. ఆ బెంచీ మీద కూసున్నోళ్లను ఆఫీసుకు పోయేటోళ్లందరు చూస్తరు. అదే గదిల స్కాలర్‌షిప్ కరెక్షన్లు, బస్‌పాస్ ఫారాలు, పరీక్ష ఫీజు పనులు గూడ పెట్టుండ్రి. అప్పుడు ఎవరు ఎందుకొచ్చిన్రో తెలువదు. "స్కాలర్‌షిప్ పనికి పోయిన" అంటే దోస్తులు మళ్ల అడగరు. లోపల ఇంకో చిన్న గదో, బీరువాలు అడ్డం పెట్టిన మూలో ఉంటే ముచ్చట ఆడ.

మగ లెక్చరర్, ఆడపిల్ల ఉన్నప్పుడు తలుపు పూర్తిగ ముయ్యొద్దు. కనిపియ్యాలె కని ఇనిపియ్యొద్దు. అద్దం తలుపు ఉంటే మంచిది, పిల్ల మొఖం లోపలికి ఉండేటట్టు కుర్చీ ఎయ్యుండ్రి. ఏడిస్తే బయటోళ్లకు కనపడొద్దు. మాట ఎంత దూరం పోతదో ముందే చూసుకోవాలె. ఒకరు లోపల కూసొని పేపర్ మామూలు గొంతుతోని సదవాలె, ఇంకొకరు బెంచీ కాడ నిలబడి ఇనబడ్డ మాటలు రాయాలె. ఫ్యాన్ నడుస్తున్నప్పుడు ఒకసారి, బందయినప్పుడు ఒకసారి. కరెంటు పోయినంక గోడ అవతలికి అన్నీ ఇనబడే గదులు మస్తుంటయ్.

పిల్లను పిలిపియ్యాల్నంటే అటెండర్‌కు పేరు రాసిన చీటీ ఇచ్చి క్లాసుకు పంపొద్దు. వచ్చేసారి ఎప్పుడు రావాల్నో పోయేటప్పుడే చెప్పి పంపాలె.

ఫోన్ ఇంకా కష్టం. కాలేజీ అప్లికేషన్ల ఉన్న నంబరు శానామందికి నాయినదో అన్నదో అయితది. అందుకే మొదటి రోజే నాలుగు ప్రశ్నలు అడగాలె: ఏ నంబరుకు చెయ్యాలె, అది ఎవరి చేతుల ఉంటది, ఏ టైముకు చెయ్యాలె, వేరేటోళ్లు ఎత్తితే ఏమనాలె. వేరేటోళ్లు ఎత్తితే "కాలేజీ నుంచి, మళ్ల చేస్త" అని పెట్టెయ్యాలె. పరీక్ష ఫీజు కట్టలేదనో, హాజరు తక్కువుందనో అబద్ధం చెప్పొద్దు. ఆ అబద్ధం పట్టుకొని ఇంట్ల కొత్త లొల్లి అయితది.

నాయిన ఫోన్ చేసిన సంగతి. ఈడ అందరు చేసే పొరపాటు ఒకటుంది. రాని పిల్ల గురించి అడిగితే "రాలేదండీ" అంటరు, వచ్చిన పిల్ల గురించి అడిగితే "చెప్పలేమండీ" అంటరు. రెండు రోజులల్ల ఆ తేడా ఊరికి అర్థమైతది. వచ్చినా రాకున్నా ఒకటే జవాబు: "అన్నా, ఇక్కడికి ఎవరొచ్చిన్రు, ఎవరు రాలేదన్నది ఏ తల్లిదండ్రులకు చెప్పం. నీ మనసుల బెంగ ఏందో చెప్పు, ఇంట." ఆఖరి మాట ముఖ్యం. తండ్రి భయంతోని ఫోన్ చేస్తడు, తలుపు మొఖాన ఏసినట్టు మాట్లాడొద్దు. ఆయన చెప్పింది ఇనొచ్చు, మనం చెప్పేది మాత్రం ఏం లేదు.

ఫైనలియర్ పిల్లల గురించి నా మాట: లోపలి ముచ్చట్లకు వాళ్లను ఉంచొద్దు. మంచోళ్లు కాదని కాదు. అదే ఊరు, అదే బస్సు, అదే హాస్టల్ గది. ఒకరి బరువు ఇరవై ఏండ్ల పిల్లల మీద పెట్టుడు వాళ్లకు గూడ అన్యాయం. ఫారాలు నింపుడు, చీటీలిచ్చుడు, తీసుకొచ్చి కూసోబెట్టుడు వాళ్ల పని. ఎవరైనా వాళ్లకే మొత్తం చెప్పబోతే "ఆగక్కా, మేడంకు చెప్పు, నేను ఈడనే ఉంట" అనుడు నేర్పుండ్రి. తెలిసినోళ్లు వస్తే కారణం చెప్పకుంట పని ఇంకొకరికి ఇచ్చి పక్కకు పోవాలె. కారణం అడగొద్దని మిగిలినోళ్లకు ముందే చెప్పి పెట్టాలె.

---

సూర్యాపేట సిస్టమ్స్:

అందరూ చెప్పినదానికి ఫోను, కంప్యూటర్ కలుపుతాను.

సొంత నంబర్ ఇవ్వకండి. కేంద్రానికి ఒక వేరే సిమ్, ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు. అందులో విద్యార్థుల పేర్లు సేవ్ చేయొద్దు, కోడ్ పెట్టండి. కాలేజీ జీమెయిల్‌తో ఆ ఫోన్ లాగిన్ చేస్తే కాంటాక్టులు అదే జీమెయిల్ తెరిచి ఉన్న ఆఫీసు కంప్యూటర్లో కూడా కనిపిస్తాయి, ఇది చాలామందికి తెలియదు. ఎవరి నంబరు ఏ పేరుతో సేవ్ అయిందో చూపే కాలర్ ఐడీ యాప్‌లు ఆ ఫోన్లో వేయొద్దు. మీరు "పెళ్లి గొడవ అమ్మాయి" అని సేవ్ చేస్తే ఆ పేరు ఇంకెక్కడ తేలుతుందో చెప్పలేం.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. తెలియని కంప్యూటర్ ఉంటే వెంటనే లాగౌట్ చేయండి. వారానికోసారి చూడటం అలవాటు చేసుకోండి, ల్యాబ్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి మర్చిపోవడం మామూలే. నోటిఫికేషన్లో మెసేజ్ కనిపించకుండా ఆపండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఏడు రోజులకు పెట్టండి, కానీ అవతలివాళ్లు స్క్రీన్‌షాట్ తీయకుండా అది ఆపలేదు. గూగుల్ డ్రైవ్‌కు పోయే బ్యాకప్ ఆపేయండి, లేదా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేయండి. అది దానంతటదే ఆన్‌లో ఉండదు. అసలు వాట్సాప్‌ను సమయం చెప్పడానికే వాడండి. పిల్ల పెద్ద మెసేజ్ రాయడం మొదలుపెడితే, "ఇక్కడ వద్దమ్మా, రేపు రెండింటికి రా, లేదా ఇప్పుడే ఫోన్ చెయ్" అని రాయండి.

గూగుల్ ఫామ్ పెట్టాలనుకుంటే మూడు చూసుకోండి. ఈమెయిల్ సేకరణ ఆపాలి. జవాబుల సారాంశం అందరికీ కనిపించే సెట్టింగ్ ఆపాలి, లేకపోతే నింపిన ప్రతివాళ్లూ ముందువాళ్లు రాసింది చదువుతారు. జవాబులు పడే షీట్‌కు వేరే షేరింగ్ ఉంటుంది, లింక్ ఉన్న ఎవరైనా అన్నది తీసేసి ఇద్దరి పేర్లే పెట్టాలి. ఫామ్‌లో "మీ సమస్య వివరంగా రాయండి" అనే గడి పెట్టకండి. ఫోన్ చేయడానికి నంబరు, వీలైన సమయం చాలు.

జిరాక్స్ షాపు సంగతి కూడా చెప్పాలి. మనూర్లలో ప్రింటు తీయాలంటే ఫైలు షాపతని వాట్సాప్‌కు పంపుతారు. అది అతని ఫోన్లో, కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉండిపోతుంది. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు స్కాలర్‌షిప్ పనికి ఎట్లాగూ వస్తాయి, వాటిని కూడా కాలేజీ ప్రింటర్ మీదే తీయండి. పని అయ్యాక కాపీలు విద్యార్థికే తిరిగి ఇచ్చేయండి. కేంద్రం నోట్సు, చిట్టా అసలు కంప్యూటర్లోకే ఎక్కించకండి. చేత్తో రాసిన కాగితం, మంచి తాళం, మీ స్థాయికి అంతకు మించిన భద్రత లేదు.

---

కామర్స్ మేడం, నల్లగొండ:

అందరికీ ధన్యవాదాలు. పాత రిజిస్టర్ పక్కన పెట్టి రోజువారీ లెక్క కాగితం కొత్తగా గీశాను: తేదీ, నిమిషాలు, రకం. చీటీల డబ్బా రేపు తయారవుతుంది. ఒక్కటి మిగిలింది. మాలో ఇద్దరం ఒక కేసు గురించి మాట్లాడుకోవచ్చా?

---

పాలమూరు కౌన్సెలర్:

మాట్లాడుకోవాలి మేడం, ఒక్కరే మోయొద్దు. విద్యార్థికి మొదటి రోజే చెప్పండి, "మేమిద్దరం చూస్తాం, అవసరమైతే ఆమెతో మాట్లాడతాను, సరేనా" అని. వద్దంటే పేరు, గ్రూపు చెప్పకుండా "ఇలాంటప్పుడు ఏం చేస్తాం" అని మాత్రమే అడగండి. ఆ మాటలు స్టాఫ్‌రూంలోనో క్యాంటీన్లోనో వద్దు, ఆ గదిలోనే, తలుపు వేసుకుని. ఇంటికి పోయే బస్సులో అసలే వద్దు, వెనక సీట్లో ఎవరి మేనమామ కూర్చున్నాడో తెలియదు.